తొంభై తొమ్మిదో రికార్డు

పరకాలల మాదొక చిన్న దవాఖాన.
పన్నెండు మంచాలు, ఒక ఎక్స్‌రే మిషను,
రేగొండ నుంచి, నడికూడ నుంచి బస్సెక్కి వచ్చే దగ్గులు,
పత్తికి మందు కొట్టి కండ్లు తిరిగి
ఆటోల అడ్డం పడి వచ్చే మనుషులు.

కాయితాలను కంప్యూటర్ల పొయ్యడం నా పని.
రికార్డుకు ఇరవై ఇస్తదట సర్కారు,
నెలకు వంద నిండితేనే లెక్క.
అందుల నాకు మూడు.
మూడు రూపాయలకు ఒక మనిషి:
పేరు, ఊరు, బరువు, షుగరు,
ఫోనుకొచ్చే ఆరంకెలు.

ఆ ఫోను ఎప్పుడూ ఇంకొకరి జేబులుంటది.
"మా మనుమడు ట్రాక్టర్ మీదున్నడు బిడ్డా,
మోగినా ఇనవడదు" అని
కొమురమ్మ బెంచీ మీద గంటసేపు కూసుంటది.
పోనీ వేలిముద్ర పెట్టుమంటే
మిరపకాయలు ఏరి ఏరి అరిగిన వేలు
అద్దం మీద ఏమీ రాయదు.
మిషను మళ్లీ పెట్టుమంటది.
ఆమె కొంగుకు తుడిచి మళ్లీ పెడ్తది,
తప్పు తనదే అన్నట్టు.

పుట్టిన తారీఖు అడిగితే నవ్వుతరు.
తెల్వదంటే ఆ డబ్బా ఊకోదు.
అందుకే మా పరకాల సగం
జనవరి ఒకటినాడే పుట్టింది.

నెలాఖరు. సాయంత్రం ఆరు. తొంభై నాలుగు.
మేనేజర్ భాస్కర్ సారు గోడ గడియారం చూసి
"ఇంకా ఆరు కావాలె.
ఎవ్వలైతేంది, మనుషులే గద" అన్నడు.

చాయ్ పోరడు అజ్మత్, తొంభై ఐదు.
బరువు ముప్పై ఎనిమిది, రోగం లేదు,
ముందటి పన్ను ఇరిగిన నవ్వొకటి ఉన్నది,
దానికి గడి లేదు.
మందుల షాపు శంకరలింగం,
అంబులెన్స్ నడిపే సదయ్య,
ఆఖరికి భాస్కర్ సారే,
పొట్ట లోపలికి గుంజుకొని, తొంభై ఎనిమిది.

అప్పుడొచ్చింది పోశక్క
"కాళ్లు లేపుండ్రి" అనుకుంట, చీపురుతోటి.
పదకొండేండ్లుగా ఈ గచ్చు ఆమెది.
రక్తం ఎవరిది పడ్డా తుడిచింది ఆమె.

"వయసెంత పోశక్కా?"
"మేడారం జాతరలు ఇరవై ఏడు సూసిన.
యాదికి లేనియి ఇంకో రెండుంటయి."
రెండేండ్లకొక జాతర. వేళ్ల మీద లెక్కబెట్టిన.
యాభై ఎనిమిది.
తారీఖు? ఇగ ఉన్నదే గద, జనవరి ఒకటి.

పట్టీ చుట్టి గాలి కొట్టిన.
మీద నూటా తొంభై ఆరు. కింద నూటా పద్దెనిమిది.
మిషను పాడైందేమో అనుకొని
ఇంకో చెయ్యికి చుట్టిన.
అంకె దిగలే.

"తల నొస్తదా?"
"నొయ్యని రోజు ఎప్పుడుండె" అన్నది,
"ఫినాయిల్ వాసనకేమో అనుకున్న."

డాక్టరమ్మ గదికీ ఆమెకూ నడుమ
ఇన్నేండ్లు ఉన్నదల్లా ఒక పచ్చ పరదా.
నెలకోసారి దాన్ని ఉతికేది కూడా ఆమెనే.

సర్కారుకు దండం పెట్టాల్నో
మా మొఖం మేమే అద్దంల చూసుకోవాల్నో తెల్వక
సేవ్ నొక్కిన.
తెర మీద ఆకుపచ్చ గుర్తు పడ్డది:
విజయవంతంగా నమోదైంది.

పోశక్క మాత్ర మింగి, చీపురు మళ్లీ అందుకోబోయింది.
డాక్టరమ్మ కూసోమన్నది.
ఎక్కడ కూసోవాల్నో ఆమెకు తోచలే.
పేషంట్ల బెంచీని రోజూ తుడిచింది గని
దాని మీద ఎన్నడు కూసున్నది?

"ఇంకొకటి" అన్నడు భాస్కర్ సారు,
ఈసారి గొంతు తగ్గించి.
నా ఎడమ చెయ్యికి నేనే చుట్టుకున్న.
ఒంటిచేత్తో పట్టీ బిగియ్యదు, జారుతది.
బెంచీ మీది నుంచి పోశక్కే లేచొచ్చింది,
పట్టీ అంచు గట్టిగ పట్టుకొని,
పదకొండేండ్లు పరదా ఇవతల నుంచి విన్న మాట
నాకు చెప్పింది:

"ఊపిరి బిగవట్టకు పిల్లా.
మామూలుగ ఉండు."